షేడు మాస్టారి ముందుపన్ను

షేడు మాస్టారు ఏ బడిలోనూ పాఠం చెప్పిన మనిషి కాదు. రంగుల కొట్టు వెనకగదిలో కూర్చుని ముప్ఫై అయిదేళ్ళుగా రంగులు కలుపుతున్నాడు, అంతే. కానీ పెయింటర్లకి ఆయనంటే ఎంత భయభక్తులంటే, అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. గోడ నుంచి ఊడిన గోరంత పెచ్చు కాగితంలో చుట్టి తెచ్చి చేతిలో పెడితే చాలు, అరగంటలో అచ్చం అదే రంగు డబ్బాలోకి దిగేది.

ఆ అరగంటలో ఇరవై నిమిషాలు ఆరబెట్టడానికే పోయేవి. చిటికెడు పసుపు, సూదిమొనంత నలుపు వేసి, కర్రతో గిరగిరా తిప్పి, అట్టముక్క మీద పూసి, ఫ్యాను కింద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకునేవాడు. ఎవరైనా తొందరపడి "కలిసిపోయింది కదా మాస్టారూ, ఇచ్చేయండి" అంటే, కళ్ళు తెరవకుండానే "తడి రంగు అబద్ధం చెబుతుంది. ఆరనీ" అనేవాడు. ఆరాక అట్టముక్క పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళి, పగటి వెలుగులో పెచ్చు పక్కన పెట్టి చూసేవాడు. ట్యూబులైటు కింద చూసి ఆయన సరేనన్న రంగు ఒక్కటంటే ఒక్కటి లేదు.

పొగిడితే ఆయనకి నచ్చేది కాదు. "రంగు బ్రహ్మాండంగా ఉంది" అంటే ముఖం చిట్లించేవాడు. గోడలో మరమ్మతు చేసిన చోట రంగు కంటికి తగిలిందంటే అతుకు బయటపడినట్టే కదా! మూడోరోజు తిరిగొచ్చి "ఎక్కడ వేశారో తెలీడం లేదండీ" అన్నవాడే ఆయన లెక్కలో మనిషి. ఆ మాట విన్న రోజు ఇంటికి రెండు వీధులు చుట్టు తిరిగి, నింపాదిగా నడుచుకుంటూ వెళ్ళేవాడు.

ఇంత పనివాడికీ ఒక లోటుంది. నవ్వడు.

మొదటినుంచీ అలాంటివాడేం కాదు. పెళ్ళయిన కొత్తలో ఆయన నవ్వితే పక్క వాటావాళ్ళు గోడమీద దబదబా బాదేవాళ్ళట. ఇరవై రెండేళ్ళ కిందట ఒకరోజు బిగుసుకుపోయిన పెద్ద డబ్బా మూతని స్క్రూడ్రైవరుతో పెకలిస్తుంటే, అది టప్పున లేచింది. స్క్రూడ్రైవరు పిడి ఎగిరొచ్చి మూతికి తగిలింది. పైవరస ముందుపన్ను ఒకటి మూల విరిగి, ఆ ముక్క రంగులో పడి మునిగిపోయింది. "ఎవరింటి గోడలో నా పన్ను ముక్క కాపురముంటోందో" అని మొదట్లో తనే జోకులు వేసేవాడు. తర్వాత ఎవరో పెద్దమనిషి, "నువ్వు నవ్వితే ఇంట్లో ఎవరూ లేకుండా తలుపు ఓరగా తీసి పెట్టినట్టుందయ్యా" అన్నాడు. అందరితో పాటు మాస్టారూ నవ్వాడు. ఆ తర్వాత నవ్వు వచ్చినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మొదలైంది. ఆ తర్వాత మీసం పెదవి మీదకి దిగింది. కొన్నేళ్ళకి చేత్తో పనే లేకుండా పోయింది, నవ్వే రావడం మానేసింది కాబట్టి. డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చుగా అంటే, పన్నుని అరగదీసి తొడుగు వేస్తారని ఎవరో చెప్పారు, ఉన్నదాన్ని కూడా అరగదీయడమెందుకని ఊరుకున్నాడు.

ఆయన భార్యది లైబ్రరీలో ఉద్యోగం. రోజంతా పెదవి మీద వేలు పెట్టి "ష్ ష్" అనడమే పని. "పొద్దున్న ఇంట్లోంచి లైబ్రరీకి వెళ్తాను. సాయంత్రం లైబ్రరీలోంచి ఇంకో లైబ్రరీకి వస్తాను. ఆ నవ్వు చూసే కదండీ ఈ మనిషిని చేసుకున్నాను!" అని ఇంటికొచ్చినవాళ్ళతో వాపోయేది. మాస్టారు మీసంలోనే ఏదో గొణిగి ఊరుకునేవాడు.

ఇలా ఉండగా కొట్టులోకి మెషీను దిగింది.

పాత యజమాని పోయాక ఆయన కూతురు కొట్టు చూసుకుంటోంది. చిన్నప్పుడు వెనకగదిలో రంగుడబ్బాల మీద కూర్చుని హోంవర్కు రాసుకున్న పిల్ల కాబట్టి, మాస్టారిని బాబాయ్ అనే పిలుస్తుంది. ఆ మెషీను చూడ్డానికి టార్చిలైటంత ఉంటుంది. పెచ్చుకి ఆనిస్తే కుయ్యిమని, ఏ రంగు ఎన్ని చుక్కలో అదే చెప్పేస్తుంది. ఆరబెట్టక్కర్లేదు, గుమ్మంలోకి వెళ్ళక్కర్లేదు. మాస్టారు పట్టుదలగా పది పెచ్చులు ఏరి తెచ్చి పరీక్ష పెట్టాడు. తొమ్మిది సరిగ్గా చెప్పింది. పదిలో ఒకదానికోసం ఒక మనిషిని వెనకగదిలో కూర్చోబెట్టడం కుదరదని ఆ అమ్మాయికీ తెలుసు, ఆయనకీ తెలుసు.

"బాబాయ్, మీకివ్వడానికి రెండే చోట్లున్నాయి," అంది ఆ అమ్మాయి, ముఖం చూడలేక, రంగుల నమూనాలుండే షేడు కార్డు తిరగేస్తూ. "ఒకటి ముందు కౌంటరు. రెండోది మేడమీద గోడౌను. ఏ గదికి ఏ రంగో చెప్పడానికి మిమ్మల్ని మించినవాళ్ళు లేరు, కౌంటరే ఇవ్వాలని నాకుంది. కానీ..."

"కానీ?"

"కొంచెం నవ్వాలి బాబాయ్. మొన్నొకావిడ మిమ్మల్ని చూసి, పాపం మీ కొట్టులో ఎవరైనా పోయారా అని అడిగింది."

మాస్టారికి గోడౌనంటే ఏమిటో తెలుసు. ఒకే కిటికీ, దానికీ అడ్డంగా డబ్బాల దొంతర. మనిషి అలికిడి ఉండదు. అన్నిటికన్నా ఘోరం, అక్కడ డబ్బాలన్నీ మూతలతోనే ఉంటాయి. తెల్లారి లేస్తే రంగు మొహం చూడకుండా బతకడమెలాగో ఆయనకి తెలీదు. "సోమవారం నుంచి ఒక వారం కౌంటర్లో కూర్చోండి, ఎలా ఉంటుందో చూద్దాం," అంది ఆ అమ్మాయి. మాస్టారు తలూపి బయటికొచ్చాడు.

సంగతి విని ఆయన భార్య మర్నాడు లైబ్రరీలో ఆరోగ్యం పుస్తకాల అర అంతా తిరగేసి వచ్చింది.

"అరగదీయడాలూ తొడుగులూ ఏమీ లేవండీ. విరిగినచోట పేస్టులాంటిది పెట్టి, పన్ను ఆకారం దిద్ది, లైటుతో గట్టిపరుస్తారట. బాండింగ్ అంటారట."

మాస్టారు గోడలో గుంట పూడ్చినట్టు వేలితో గాల్లో దిద్దాడు. "అంటే పుట్టీ పెట్టడమన్నమాట."

"పుట్టీయే అనుకోండి! ఆదివారం సాయంత్రానికి చెప్పి వచ్చాను, వెళ్తున్నారు."

ఆదివారం వెళ్ళాడు. పళ్ళ డాక్టరమ్మ చిన్నది, కొట్టు యజమానురాలి వయసు ఉంటుంది. పన్నంతా చూసి, విరుపు లోపలిదాకా వెళ్ళలేదు, బాండింగ్ సరిపోతుందని చెప్పి ఒక సొరుగు లాగింది. అందులోంచి ఆమె తీసిన వస్తువు చూడగానే మాస్టారు వాలుకుర్చీలో లేచి నిటారుగా కూర్చున్నాడు. ఒక పట్టీకి వరసగా గుచ్చిన చిట్టిచిట్టి పళ్ళు, ఒక్కోటీ ఒక్కో రకం తెలుపు!

"ఇది షేడు కార్డు కదమ్మా!"

"అవునంకుల్, మీకెలా తెలుసు?"

ఇంకేముంది, పన్నెత్తి పలకరించని మనిషి పావుగంట ఏకబిగిన మాట్లాడాడు. తెలుపుల్లో పసుపు తెలుపు వేరు, బూడిద తెలుపు వేరు, ఈ రెండూ తెలీనివాడు రంగుల జోలికే రాకూడదు అన్నాడు. డాక్టరమ్మ ఓపిగ్గా విని, "ఓసారి నోరు మూసి నాలుకతో పళ్ళు తడుపుకోండి. షేడు తడిమీదే చూడాలి," అని పట్టీలోంచి ఒక పన్ను తీసి పక్కన పెట్టి చూసి, ఇదే అంది.

తడిమీద అన్న మాట మాస్టారి చెవిలో ముల్లులా గుచ్చుకుంది. ఏదో అనబోయాడు గానీ, అప్పటికే పెదాలని వెనక్కి లాగిపెట్టే ప్లాస్టిక్కు చట్రం నోట్లోకి వచ్చేసింది. దూది పెట్టింది. విరిగిన అంచుకి నీలం రంగు జెల్ పూసి కడిగింది, గాలి కొట్టింది, ఏదో చుక్క రాసి లైటు చూపించింది. ఆ తర్వాత గోరంత పుట్టీకత్తిలాంటి దాంతో పేస్టు పెట్టి దిద్దుతుంటే, పనివాడి చెయ్యేనని మాస్టారు లోలోపల మెచ్చుకున్నాడు. గట్టిపరిచే ముందు ఒకసారి చూసుకోమని ఆమె అద్దం చేతికిచ్చింది. అక్కడే వచ్చింది తంటా.

అరగంట నుంచి తెరిచిన నోరు. పక్కపళ్ళు సుద్దముక్కల్లా తెల్లగా ఉన్నాయి. వాటి మధ్య కొత్త పేస్టు పాత కాగితంలా పచ్చగా ఉంది. మాస్టారు "ఊఁ! ఊఁ!" అని చేతులు ఊపాడు. జేబులోంచి పెన్ను తీసి, డాక్టరమ్మ మందులు రాసే కాగితం లాక్కుని రాశాడు: పసుపు ఎక్కువైంది. రెండు మెట్లు తెలుపు కావాలి.

"లేదంకుల్. ఇప్పుడు మీ పళ్ళు ఆరిపోయాయి, అందుకే తెల్లగా కనిపిస్తున్నాయి. రేపటికి..."

ఆరిన రంగే నిజం అని రాశాడు. దాని కింద, ముప్ఫై అయిదేళ్ళ అనుభవం అని రాసి రెండు గీతలు గీశాడు.

డాక్టరమ్మ రెండుసార్లు నచ్చజెప్పింది. ఆయన మూడోగీత గీశాడు. చివరికి ఆమె నిట్టూర్చి, "సరే, మీ ఇష్టం. తేడా వస్తే మాత్రం వెంటనే రండి, పైపొర తీసి మార్చేస్తాను," అని తెల్ల పేస్టు తీసింది. పని పూర్తయ్యాక అద్దంలో చూసుకుంటే అతుకన్నదే కనబడలేదు. ఈ కాలం పిల్లలకి ఎంత చదువున్నా చెప్పేవాళ్ళు ఒకళ్ళుండాలి అనుకుంటూ మాస్టారు ఏనుగెక్కినంత సంబరంగా ఇంటికొచ్చాడు.

భార్య దీపం కింద చూసి, "ఆకారం బ్రహ్మాండంగా కుదిరింది గానీ, కాస్త తెల్లగా లేదూ?" అంది.

"ట్యూబులైటు కింద ఏం చూస్తావు! రేపు పగలు చూడు."

మర్నాడు పగలు చూసింది. మాస్టారే కిటికీ పరదా లాగి, వెలుగులోకి ముఖం పెట్టి, ఇరవై రెండేళ్ళ తర్వాత నోరారా నవ్వి చూపించాడు. ఆవిడ ఒక్క క్షణం ఆపుకుంది. రోజుకి ఎనిమిది గంటలు నవ్వు ఆపుకునే ఉద్యోగం చేసే మనిషి కూడా ఇక ఆపుకోలేకపోయింది.

"ఏమండీ, నోట్లో స్విచ్చి వేసినట్టుందండీ!"

మాస్టారు అద్దం దగ్గరికి పరిగెత్తాడు. రాత్రికి రాత్రి పక్కపళ్ళన్నీ తమ పాత మీగడ రంగులోకి వచ్చేశాయి. వెలిసిపోయిన ప్రహరీకి ఒక్కచోట కొత్త సున్నం కొట్టినట్టు, మధ్యలో ఆ ఒక్క పన్నూ తళతళా మెరుస్తోంది. ఆ రోజే కౌంటర్లో మొదటి రోజు.

పాత పన్నుతో ఉన్నప్పుడు కనీసం మాటలకైనా పెదాలు విప్పేవాడు. ఇప్పుడు దానికీ కరువొచ్చింది. పడగ్గదికి ఏ రంగు బావుంటుందని అడిగితే షేడు కార్డులో వేలుపెట్టి చూపించేవాడు. లోపల అద్దాల గదిలోంచి యజమానురాలు చూస్తూనే ఉంది. మధ్యాహ్నం పెయింటర్ల మేస్త్రీ వచ్చాడు. ఆయనకి మాస్టారంటే ప్రాణం, నోరు మాత్రం ఊరుకోదు. తలుపులకి వేసే రంగు గురించి ఏదో తప్పుగా అంటే, మాస్టారు ఉండబట్టలేక "కాదయ్యా!" అని నోరు తెరిచాడు. మేస్త్రీ కౌంటరు మీదకి వంగి కళ్ళు చికిలించాడు.

"మాస్టారూ! ఒక్కదానికే వేసి ఆపేశారేం? మిగతావాటికి పని ఎప్పుడు మొదలెడతారు?"

కొట్టంతా గొల్లుమంది. మాస్టారి చెయ్యి మళ్ళీ నోటికి అడ్డం వెళ్ళింది. సాయంత్రం కొట్టు కట్టేసే వేళకి యజమానురాలు దగ్గరికొచ్చి, చాలా మెల్లగా, "బాబాయ్, గోడౌన్లో మీకో మంచి కుర్చీ వేయిస్తాను. మెత్తగా ఉండేది," అంది. తిట్టినా బావుండేది.

ఇంటికొచ్చి మాస్టారు అన్నం ముందు కూర్చుని చెయ్యి కదపలేదు.

"మేస్త్రీ నవ్వినందుకు కాదే నా బాధ. నేను చూశాను. నా కళ్ళతో చూసి, కలిసిందని చెప్పి మరీ వేయించుకున్నాను. కన్ను పోయింది. మెషీను సరైన వేళకే వచ్చింది."

ఆయన భార్య ఈసారి నవ్వలేదు. "పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళండి. ఆవిడ చెప్పేది వినండి. రాయకండి," అని ఆయన జేబులోంచి పెన్ను తీసి తన సంచీలో పడేసుకుంది.

డాక్టరమ్మ పన్ను చూసి పెదవి కొరుక్కుంది. మాస్టారు ముందే తల వంచేశాడు.

"నా కన్ను పోయిందమ్మా. ఒప్పుకోడానికే వచ్చాను."

"కన్ను పోవడమేమిటంకుల్! ఆ నిమిషంలో పళ్ళు ఎలా ఉన్నాయో మీరు అలాగే చూశారు. రెండు మెట్లన్నారు, సరిగ్గా రెండు మెట్లే తెల్లబడ్డాయి. చూసిన కన్ను తప్పు కాదు, చూసిన వేళ తప్పు. గోడ ఆరితే గానీ దాని అసలు రంగు రాదు. పన్ను ఆరితే అసలు రంగు పోతుంది. నోరు ఎప్పుడూ తడిగా ఉండేదే కదా?"

మాస్టారు నుదురు కొట్టుకున్నాడు. తొందరపడొద్దని ముప్ఫై అయిదేళ్ళు లోకాన్నంతా కసురుకున్న మనిషి, తన నోటి దగ్గరికొచ్చేసరికి ఒక్క పూట ఆగలేకపోయాడు. దేనికి ఎంతసేపు ఆగాలో ఆ పని తెలిసినవాళ్ళని అడగాలన్న ఇంగితం కూడా లేకపోయింది.

"నీ మాట విననందుకు క్షమించు తల్లీ."

"తప్పు నాదీ ఉందిలెండి. మీరు గీసిన గీతలు చూసి జంకాను."

ఇద్దరి మనసులూ తేలికపడ్డాయి. మాస్టారు కుర్చీలోంచి లేచి, షేడు కార్డు పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. డాక్టరమ్మ అద్దం పట్టుకుంది. నాలుకతో పళ్ళు తడుపుకుంటూ, పగటి వెలుగులో ఒక్కో షేడూ పక్కన పెట్టి చూస్తుంటే, ఆయనకి తన వెనకగదీ గుమ్మమూ గుర్తొచ్చాయి. "ఒక్క తెలుపుతో పనవదమ్మా. ఇదిగో, చిగుళ్ళ దగ్గర కాస్త పసుపుంది. మధ్యలో తేలిపోతోంది. అంచున చూడు, గాజులాగా బూడిదనీడ."

డాక్టరమ్మ వంగి చూసింది. "నిజమేనంకుల్. మూడు పేస్టులు పొరలుపొరలుగా వేద్దాం."

తెల్లపొర గీసేసి మళ్ళీ మొదలుపెట్టింది. మధ్యలో ఆమె అద్దం అందించబోతే మాస్టారు గట్టిగా కళ్ళు మూసుకుని, వద్దని చెయ్యి ఊపేశాడు. పాలిషు కూడా అయ్యాక, డబ్బా మూతలు పంటితో తీయొద్దని, ఆర్నెల్లకోసారి వచ్చి మెరుగు పెట్టించుకోమని ఆమె చెప్పింది. గోడలకీ అంతేనమ్మా అని చెప్పి ఆయన కొట్టుకి బయల్దేరాడు.

కొట్టుకొచ్చి అద్దంలో చూసుకుంటే ఈసారీ పక్కపళ్ళు తెల్లగానే ఉన్నాయి, కొత్తపన్ను పచ్చగానే ఉంది. మాస్టారు కంగారుపడలేదు. మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు తాగుతూ, నోరు మూసుకుని, గడియారం చూస్తూ కూర్చున్నాడు. మూడింటికి గుమ్మంలోకి వెళ్ళి జేబులోని అద్దంలో చూసుకున్నాడు. తిరిగొచ్చి కౌంటర్లో కూర్చున్న మనిషి వేరు. కొత్త ఇంటికి రంగులు కొనడానికి ఒకావిడ వచ్చి, ఏదీ తేల్చుకోలేక తల పట్టుకుంటే, "మీ ఇంట్లో పొద్దుటి ఎండ ఏ గదిలోకి వస్తుందో అది చెప్పండి ముందు, మిగతాది నేను చూసుకుంటాను," అని చక్కగా నవ్వాడు. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇంట్లోని గదులన్నిటి గురించీ చెప్పడం మొదలుపెట్టింది.

ఆ సమయానికి మేస్త్రీ రానే వచ్చాడు. మాస్టారు ఆయన్ని పిలిచి, పైవరస అంతా బయటపెట్టి, "ఏ పన్నుకి పని జరిగిందో చెప్పు చూద్దాం," అన్నాడు. మేస్త్రీ కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఎడమవైపు నుంచి చూశాడు, కుడివైపు నుంచి చూశాడు. గుమ్మంలోకి తీసుకెళ్ళి మరీ చూశాడు. ఆఖరికి పెద్ద కనిపెట్టినవాడిలా పక్కపన్ను మీద వేలు పెట్టాడు. నిన్న మాస్టారిని చూసి నవ్విన కొట్టు ఇవాళ మేస్త్రీని చూసి నవ్వింది, అందరికన్నా ముందు మేస్త్రీయే నవ్వాడు. యజమానురాలు అద్దాల గదిలోంచి బయటికొచ్చి, కౌంటరు దగ్గర పేరుకున్న జనాన్నీ, మీసం కింద మెరుస్తున్న పళ్ళనీ చూసింది.

"గోడౌన్లో కుర్చీ వద్దులే బాబాయ్," అంది.

"వేయించమ్మా. డబ్బాలు పెట్టుకోడానికి పనికొస్తుంది."

ఆ సాయంత్రం మాస్టారు రెండు వీధులు చుట్టు తిరగలేదు. వెలుగు పోకముందే ఇల్లు చేరాలని గబగబా నడిచాడు. భార్య లైబ్రరీ నుంచి రాగానే, చెప్పులైనా విప్పనివ్వకుండా కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి నోరు తెరిచి నిలబడ్డాడు. ఆవిడ చదువుకునే కళ్ళజోడు తీసి పెట్టుకుంది. విరిగిన పన్ను ఏదో ఆవిడకి తెలీకపోవడమేమిటి, ఇరవై రెండేళ్ళుగా ఆ మూలని రోజూ చూస్తున్న మనిషి. ఆ మూల ఎక్కడ మొదలైందో వెతికింది. వేలికొనతో అంచు తడిమింది. తల ఇటు వంచి చూసింది, అటు వంచి చూసింది.

"ఎక్కడ వేశారో తెలీడం లేదండీ," అంది.

పెయింటర్ల దగ్గరా, ఇళ్ళవాళ్ళ దగ్గరా ముప్ఫై అయిదేళ్ళుగా వింటున్న మాటే. ఈ ఇంట్లో మొదటిసారి వినబడింది. మాస్టారికి ముందు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, వెంటనే నవ్వొచ్చింది. మామూలు నవ్వు కాదు, ఇన్నేళ్ళూ మూతకింద బిగుసుకుపోయిన నవ్వు. కిటికీ అద్దం అదిరింది. ఆపుకోవాలని నోటిదాకా లేచిన చేతిని ఆవిడ పట్టుకుని కిందికి దించేసింది.

అంతలో అవతలి వాటావాళ్ళు గోడమీద దబదబా బాదారు.

మాస్టారు ఠక్కున ఆగిపోయాడు. ఆయన భార్య మాత్రం కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "కొట్టనివ్వండి. ఆ చప్పుడు విని ఎన్నాళ్ళయింది! మీరు నవ్వండి," అంది.